కంట్రోలర్ కిటికీలో మేక

నడుస్తున్న బస్సులో ఆయనకు ఏనాడూ ఏమీ కాలేదు. ఆగి ఉన్న బస్సు మీద నుంచి పడ్డాడు.

పొద్దున్నే డిపోలో ముందు అద్దం తుడుద్దామని బంపర్ ఎక్కాడు. అద్దం మీద పిట్ట రెట్ట ఒకటి ఎండి అట్టకట్టి ఉంది. దాన్ని గోకుతూ గోకుతూ ఇంకాస్త ముందుకు వంగాడు. తడి చెప్పు జారింది. కుడి చెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. లేచి దులుపుకుని, "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూనే చేతి వంక చూసుకుంటే, మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

తోటి డ్రైవర్లంతా ఆయన్ని నిదానం అని పిలిచేవాళ్లు. ప్రయాణికులు దానికి బాబాయ్ అని చేర్చారు. కన్నవాళ్లు పెట్టిన పేరు డిపో హాజరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. గుంత కనిపిస్తే చాలు, నిద్రపోయే పసిబిడ్డను ఉయ్యాల్లోకి దించినట్టు బస్సును అందులోకి దించి, అంతే మెల్లగా పైకి తెచ్చేవాడు. "నిదానం బాబాయ్ బస్సులో హాయిగా కునుకు తియ్యొచ్చు. అవతల రైలు అందుకోవాలంటే మాత్రం వేరే బస్సు చూసుకో" అని జనం నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డా ఆయన నొచ్చుకునేవాడు కాదు. లోలోపల కాస్త గర్వపడేవాడు కూడా.

అలాంటి మనిషి చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. కట్టు విప్పాక చూస్తే వేళ్లు మాట వినడం మానేశాయి. పిడికిలి బిగిద్దామంటే సగంలోనే మొరాయిస్తోంది. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఒకటి చేతిలో పెట్టి, రోజూ పిసకమంది. రెండు రోజులు పిసికి, దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు.

"బంతి ఏదండీ?" అంది భార్య.

"నాతో వేగలేక వెళ్లిపోయింది."

వాళ్ల ముందుగదిలో ఆయన కుర్చీకి ఎదురుగా, కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. ఆవిడ స్వెట్టర్లు అల్లుతుంది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన పని. బడిపిల్లలకు యూనిఫారం స్వెట్టర్లు, చంటివాళ్లకు టోపీలు, మేజోళ్లు, ముసలివాళ్లకు మఫ్లర్లు. ఆ వీధిలో చలికి వణికిన ప్రతి ఒంటి మీదా ఆవిడ చేతి పని ఏదో ఒకటి ఉండేది. ఇన్నేళ్లలో నిదానం ఆ పనిని ఒక్కసారైనా పరకాయించి చూడలేదు. పైన ఫ్యాను తిరుగుతుంది, కింద ఆవిడ చేతుల్లో సూదులు కదులుతాయి, అంతే. ఎవరైనా అడిగితే, "మా ఆవిడకేం, కూర్చుని చేసే పని" అనేవాడు. తనదీ కూర్చుని చేసే పనేనని ఆయనకు తట్టేది కాదు.

ఇంటిపట్టున ఉండేకొద్దీ ఆయనలో సణుగుడు ముదిరింది. టీ చల్లారిందన్నాడు. ఎదురింటి తలుపు కిర్రుమంటోందన్నాడు. కళ్లద్దాల షాపులో పనిచేసే కూతురు చెప్పులు అడ్డంగా విడిచి లోపలికి వస్తోందన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం, "నీ సూదులు టిక్కు టిక్కుమని నా తల తింటున్నాయి" అన్నాడు.

ఆవిడ అల్లడం ఆపింది. లోపలికి వెళ్లి, ఉబ్బిపోయిన పాత దిండు గలీబు ఒకటి తెచ్చి ఆయన ఒళ్లో బోర్లించింది. అన్నీ ఊలు ముక్కలు. బడి స్వెట్టర్లలో మిగిలిన బూడిదరంగు, ఇటుకరంగు, చంటిపిల్లల గులాబీ, ఎవరో వద్దని తిప్పిపంపిన ఆవపచ్చ. కొన్ని మూరెడు, కొన్ని జానెడు.

"ఏమిటిది?"

"మీ మందు. బంతి పిసకరుగా. ఇదిగో లావు సూదులు. వేడి గిన్నెలు దింపుకోడానికి గుడ్డ లేదు నాకు. చదరంగా ఒకటి అల్లిపెట్టండి."

"నేనా?"

"చెయ్యి విరిగింది నాకు కాదుగా మరి."

ఆ మధ్యాహ్నం ఆయన ఎంత తెలివితక్కువవాడో ఆయనకే తెలిసొచ్చింది. సూది మొన దారం కిందికి వెళ్లమంటే పైకి వెళ్లేది. ఒక కుట్టు ఎక్కిస్తే రెండు జారేవి. స్టీరింగును పట్టినట్టు సూదుల్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటే ఆవిడ వచ్చి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది.

"అంత లాగకండి. గొంతు పిసికినట్టుంది దానికి. ఊపిరాడనివ్వండి."

"ఇంత చిన్న సందులో సూది ఎలా దూరుతుందే?"

"పాత మార్కెట్టు సందులో అంత బస్సు దూరుస్తారు. దీన్ని దూర్చలేరా?"

"నేను బండి నడిపేటప్పుడు నువ్వు వెనక కూర్చుని ఇలాగే మాట్లాడితే ఏమంటాను?"

"దిగిపొమ్మంటారు. నేను మిమ్మల్ని పొమ్మనడం లేదుగా."

గుడ్డ మొదట చదరంగానే బయల్దేరింది. మధ్యలో జారిన కుట్లు జారిపోగా నడుం సన్నబడింది. ఆవిడ చెప్పినట్టు మళ్లీ కుట్లు పెంచితే అవసరానికి మించి పెరిగాయి. సాయంత్రం కూతురు వచ్చి దాన్ని చూసి పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపుకుని, ఆ ముక్కను పొడుగ్గా మడిచి, రెండు చివర్లూ వంచి, బట్టల క్లిప్పు తగిలించి బల్ల మీద నిలబెట్టింది.

"నాన్నా, ఇది గిన్నెల గుడ్డ కాదు. మేక."

ఆయన కళ్లు చిట్లించి చూశాడు. నిజమే. మొండిగా తల ఎగరేసి నిలబడింది. కాళ్లు లేవు, అంతే.

కాళ్ల కోసం ఆయన ఇంకో వారం కూర్చున్నాడు. ఏ రంగూ నాలుగు కాళ్లకు సరిపోలేదు కాబట్టి రెండు బూడిదరంగువి, ఒకటి ఇటుకరంగుది, వెనక ఎడమ కాలు గులాబీది. చెవులు అల్లేటప్పుడు విసుగొచ్చి ఒకటి కాస్త పొట్టిగానే ముగించేశాడు. ఆవపచ్చ ఊలుతో గడ్డం పెట్టాడు. లోపల దూది కుక్కి భార్య చేతికిస్తే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు విప్పి కుడి చెవి మళ్లీ అల్లండి" అంది. ఆయన అల్లలేదు. వేసవి మండిపోతోందని మేకకు వెడల్పు అంచు టోపీ ఒకటి మాత్రం అల్లాడు. అది కళ్ల మీదికి జారి, మధ్యాహ్నం కునుకు తీస్తున్న మేకలా కనిపించేది. అప్పటికి ఆయన పిడికిలి ముప్పాతిక వంతు మూసుకుంటోంది. ఫిజియోథెరపీ అమ్మాయి బంతిని తెగ మెచ్చుకుంది. ఆయన కాదనలేదు.

డ్యూటీలో చేరే రోజు డాక్టరు మెలిక పెట్టాడు. మణికట్టు ఇంకా గట్టిపడాలి, అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోకూడదన్నాడు. డిపోవాళ్లు ఆయన్ని బస్టాండులో కంట్రోలర్ గదిలో కూర్చోబెట్టారు. గది అంటే మూడు వైపులా గోడ, ముందు అర్ధచంద్రాకారం కన్నం ఉన్న అద్దం కిటికీ, ఒక మైకు, గోడ గడియారం. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పడం ఆయన పని. బండి నడిపినంత నిదానంగానే మైకులో చెప్పేవాడు. ఊరి పేరు ఆయన పూర్తిచేసేలోపు బస్సు గేటు దాటేసేది. మొదటి వారం జనం కన్నంలో తల పెట్టి తిట్టారు. ఎదురుగా బస్సులు ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే, తాను మాత్రం ఆగి ఉండటం ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

రెండో వారం కూతురు ఆయన సంచిలో మేకను పెట్టి పంపింది. ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ అంచున పెట్టాడు. పొద్దున వచ్చిన మొదటి మనిషి తిట్టడానికి తల దూర్చి, ఎదురుగా టోపీ పెట్టుకున్న మేకను చూసి, తిట్టు మర్చిపోయాడు.

"ఇదెక్కడికి వెళ్లాలట?" అన్నాడు.

"దాని బస్సు ఇంకా రాలేదు" అన్నాడు నిదానం.

అప్పటినుంచి తిట్లు తగ్గాయి. పండ్ల బుట్టలావిడ రోజూ, "మేకమ్మా, నా బస్సు వచ్చిందా?" అని మేకనే అడిగేది, ఆయనతో పని లేనట్టు.

వానాకాలం మొదలైంది. నిదానం పసుపురంగు ముక్కలన్నీ ఏరి మేకకు రెయిన్‌కోటు అల్లాడు. భార్య చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఊలు రెయిన్‌కోటా! ఇది వానను ఆపదండీ, తాగుతుంది."

అన్నట్టే అయింది. ఒక పెద్ద వానకు కన్నంలోంచి జల్లు కొట్టి, మేక కోటుతో సహా నాని, గిన్నెలు తోమే పీచులా తయారైంది. కోటు పిండి గడియారం మేకుకు తగిలించాడు. మేకను ఏం చేయాలో తోచలేదు. అప్పుడే హారన్ గదిలోకి వచ్చాడు. హారన్ ఆయన పాత రూటులో ఇప్పుడు బస్సు నడిపే కుర్రడ్రైవరు. ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొట్టే అలవాటు అతనిది.

"అన్నా, ఇటివ్వు. నా అద్దం దగ్గర వేలాడదీస్తాను. ఊరు చుట్టొచ్చేసరికి గాలికి ఆరిపోతుంది" అన్నాడు.

ఇచ్చాడు. సాయంత్రం హారన్ ఒట్టి చేతులతో వచ్చాడు. చివరి స్టాపులో తడి కారుతోందని టీ కొట్టు బల్ల మీద పెట్టాడట. బస్సు టైమైందని పరుగెత్తుకొచ్చి ఎక్కేశాడట. మేక సంగతి సగం దారిలో గుర్తొచ్చిందట.

"పోనీలేవోయ్. బొమ్మేగా" అన్నాడు నిదానం.

అని ఇంటికి వెళ్లాడు. అన్నం సరిగ్గా తినలేదు. బొమ్మ కోసం బెంగపడుతున్నానని ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందని, తల నొప్పిగా ఉందన్నాడు. భార్య ఊలు ముక్కల గలీబు తెచ్చి ఆయన పక్కన పెట్టింది, అంతే. ఆయన దాన్ని తెరవలేదు. మర్నాడు టీ కొట్టులో అడిగితే, ఎవరో తీసుకెళ్లారన్నారని హారన్ తల గోక్కుంటూ చెప్పాడు. బస్టాండులో పండ్ల బుట్టలావిడ కన్నంలోంచి చూసి, "మేకమ్మ ఏదీ?" అంది. "సెలవు పెట్టింది" అని చెప్పాడు గానీ, ఆ పూట మైకులో రెండు ఊళ్ల పేర్లు తారుమారు చేశాడు.

నాలుగైదు రోజులు పోయాక ఒక సాయంత్రం హారన్ బస్టాండు గేటు దగ్గర్నించే హారన్ మోగిస్తూ వచ్చాడు. బస్సు పూర్తిగా ఆపకుండానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. చేతిలో మేక.

మేక ఒంటి మీద రెయిన్‌కోటు ఉంది. నల్లటి గొడుగు గుడ్డతో, మెడ దగ్గర నుంచి తోక దాకా కొలిచినట్టు కుట్టారు. నాలుగు కాళ్లకు నాలుగు పొట్టి గొట్టాలు, తలకు ముసుగు. చెవులు బయటికి రావడానికి ముసుగులో రెండు చిల్లులు. పొట్టి చెవికి చిన్న చిల్లు, పొడుగు చెవికి పెద్దది. అంచులన్నీ ఎర్ర ఊలుతో అల్లి కట్టారు.

"టీ కొట్టు పక్కన గొడుగులు బాగుచేసే ఆవిడ ఉంది కదన్నా, ఆవిడే తీసుకెళ్లిందట. తడిసిన పిల్లను అలా ఎలా వదిలేశారని నన్ను నలుగురిలో చెడామడా దులిపేసింది" అన్నాడు హారన్.

నిదానం గదిలోంచి కప్పులో నీళ్లు తెచ్చి కోటు మీద పోశాడు. నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి. మళ్లీ పోశాడు. హారన్, ఇద్దరు కండక్టర్లు, బస్సు కోసం నిలబడ్డ నలుగురూ చుట్టూ చేరి చూశారు.

ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించాడు. అప్పటిదాకా మేక విషయంలో ఆవిడ సలహా ఇచ్చేదే తప్ప సూది పట్టేది కాదు. "మీ మేక, మీ పాట్లు" అనేది. ఇప్పుడు కోటును దీపం కిందికి తీసుకెళ్లి, లోపలివైపు తిప్పి, అంచు మీద వేలు పోనిచ్చింది.

"ఎడమచేతి వాటం మనిషి" అంది చివరికి. "కుట్లన్నీ అటు వాలి ఉన్నాయి చూడండి. అంచు ఎంత బిగువుగా వేసిందో. నాకు కూడా మూలల దగ్గర ఇంత బాగా రాదు."

ఆవిడ నోట ఇంకొకరి పని గురించి అలాంటి మాట ఆయన ఎప్పుడూ వినలేదు. తాను అల్లిన చెవిని విప్పి మళ్లీ అల్లమన్న మనిషేనా అని కాస్త ఉడుక్కున్నాడు కూడా.

మర్నాడు ఆవిడ బడి స్వెట్టరు పక్కన పెట్టేసి, మేకను ముందు నిలబెట్టుకుని టేపుతో కొలిచింది. చలికాలం ఇంకా రానేలేదు. మేకకు మాత్రం స్వెట్టరు తయారైంది. ఛాతీ మీద జడలాంటి అల్లిక, భుజం దగ్గర మూడు చిట్టి బొత్తాలు, పైన చుట్టుకోడానికి మఫ్లరు. కూతురు దాన్ని చూసి, "అమ్మా, నాకెప్పుడూ ఇంత మంచిది అల్లలేదు నువ్వు" అంది.

"నువ్వు ఒకచోట నిలబడితేగా" అంది ఆవిడ. తర్వాత మొగుడితో, ఎటో చూస్తూ, "మీ హారన్‌కిచ్చి ఒకసారి పంపండి. ఆవిడ చూస్తుంది" అంది.

అలా మొదలైంది. స్వెట్టరు వేసుకుని మేక హారన్ బస్సులో వెళ్లింది. మూడో రోజుకు అదే స్వెట్టరుతో తిరిగొచ్చింది, కానీ మెడలో ఎర్ర తాడుకు బుల్లి గొడుగు వేలాడుతోంది. తెరిస్తే తెరుచుకుంటుంది. నిదానం భార్య నాలుగు కాళ్లకు నాలుగు మేజోళ్లు అల్లి పంపింది, గులాబీ కాలికి గులాబీవే. అవతలి నుంచి మేజోళ్ల మీదికి గొడుగు గుడ్డ బూట్లు వచ్చాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒక్క ముక్క రాసుకోలేదు. ఇక్కడ అల్లినదానికి అక్కడ జవాబు కుట్టేవాళ్లు, అక్కడ కుట్టినదానికి ఇక్కడ జవాబు అల్లేవాళ్లు. కిటికీలో మేకను చూసి జనం వాతావరణం చెప్పుకునేవాళ్లు. మఫ్లరు తీసేస్తే, "ఇంక చలి తగ్గుతుంది" అని కాలేజీ పిల్లలు తమ మఫ్లర్లు విప్పి సంచుల్లో పెట్టుకునేవాళ్లు.

నిదానానికి ఇదంతా సంతోషంగానే ఉండేది, ఒక్క సంగతి తప్ప. మేక ఇప్పుడు ఎవరిదో ఆయనకు అంతుబట్టడం లేదు. అడిగితే, "మీదేనండీ" అంటుంది భార్య, ఆయన చేతిలోంచి లాక్కుంటూ. ఒకరోజు పట్టుబట్టి ఆయనే లేతచిగురు రంగు జాకెట్టు ఒకటి అల్లడం మొదలుపెట్టాడు, ఎండలు ముదిరేలోపు వేసుకోడానికి. ఆవిడ పక్కన కూర్చుని చూసింది. ఇదివరకైతే తప్పు పడగానే నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. చంక దగ్గర ఒక వరుస వేలితో చూపించి, "ఇక్కడ మీరెలా చేశారు?" అంది.

"ఏం, తప్పా?"

"తప్పు కాదు. నేనైతే ఇక్కడ దారం తెంచి కలుపుతాను. మీరు తెంచకుండానే తిప్పేశారు. ఎలా?"

ఆయనకు తానేం చేశాడో గుర్తులేదు. మెల్లగా ఒక్కో కుట్టూ విప్పుకుంటూ వెనక్కి వెళ్లి, మళ్లీ అల్లి చూపించాడు. రెండుసార్లు చూశాక ఆవిడ తన సూదుల మీద వేసుకుని చూసుకుంది. ఆ సాయంత్రం ఎదురెదురు కుర్చీల్లో రెండు జతల సూదులు టిక్కుటిక్కుమన్నాయి. కూతురు వచ్చి, టీ ఎవరూ పెట్టలేదని గొణిగి, తనే పెట్టుకుంది.

ఎండలు మొదలవుతుండగా డాక్టరు ఆయన చేతిని అటూ ఇటూ తిప్పి, తన చెయ్యి ఇచ్చి పట్టుకోమన్నాడు. నిదానం పట్టుకున్నాడు. "సరే సరే, వదలండి" అన్నాడు డాక్టరు, వేళ్లు విదుల్చుకుంటూ.

పాత రూటే మళ్లీ ఇచ్చారు. హారన్‌ను వేరే రూటుకు మార్చారు. మేకను బస్సులోకి తెచ్చుకుందామనుకున్నాడు గానీ, బస్టాండులో పండ్ల బుట్టలావిడ అడ్డం తిరిగింది. "నువ్వు వెళ్లు బాబాయ్. మేకమ్మను కదిలిస్తే ఊరుకోను. నా బస్సు సంగతి ఎవరు చెప్తారు?" అంది. కొత్త కంట్రోలరు కూడా మేకను వదిలిపెట్టడానికి ఇష్టపడలేదు, మొదటి రోజే ఆయనకు తిట్లు తప్పాయట. చివరికి వారానికోసారి మేక బస్సెక్కేలా, మిగతా రోజులు కిటికీలో ఉండేలా ఒప్పందం కుదిరింది.

మేక బస్సెక్కే మొదటి రోజున ఆయన భార్య పొద్దున్నే తల దువ్వుకుని చీర మార్చుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"చివరి స్టాపుకి. ఆ గొడుగులావిడను చూడాలి."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయన బస్సెక్కడం అదే మొదటిసారి అంటే ఎవరూ నమ్మరు. బస్టాండులో మేకను తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆయన బండి తీశాడు. మలుపు దగ్గర గేరు మారుస్తూ అద్దంలోంచి చూశాడు. తాను నడిపే తీరు చూస్తోందేమోనని ఆశ. ఆవిడ మేక జాకెట్టు బొత్తాలు సరిచేస్తోంది.

చివరి స్టాపులో గొడుగుల కొట్టు అంటే టీ కొట్టు గోడకు ఆనించిన ఒక పందిరి. విరిగిన ఊచలు, గుడ్డ ముక్కలు, మధ్యలో ఎడమ చేత్తో సూది పట్టుకుని కూర్చున్న బక్కపలచటి మనిషి. మేకను చూసి లేచి నిలబడింది. తర్వాత మేకను ఎత్తుకున్న మనిషిని చూసింది.

"జడల స్వెట్టరు మీరేనా?"

"మూలలు మీరేనా?" అంది నిదానం భార్య.

ఇద్దరూ పేర్లు కూడా అడుక్కోలేదు. గొడుగులావిడ స్టూలు మీది గొడుగులు కిందికి తోసి చోటు ఇచ్చింది. ఈవిడ కూర్చుంటూనే, "అక్కా, ఆ ఎర్ర అంచు మూల దగ్గర ఎలా తిప్పావు? కాస్త చూపించవా" అంది. "మీరు ముందు ఆ చంక సంగతి చెప్పండి. దారం తెంచకుండా ఎలా తిప్పారు?" అంది గొడుగులావిడ, మేక జాకెట్టును ఎత్తి చూస్తూ.

"అది నేను కాదు. ఆయన."

గొడుగులావిడ తల ఎత్తి నిదానాన్ని ఎగాదిగా చూసింది. ఖాకీ చొక్కా, చేతిలో టీ గ్లాసు. "ఈయనా!" అంది. అని ఊరుకోక, కాస్త జరిగి గొడుగుల కట్ట ఒకటి లాగి, కూర్చోమన్నట్టు చేత్తో తట్టింది.

కూర్చున్నాడు. సూదులు ఆయన చేతికొచ్చాయి. ఇద్దరూ చెరోవైపు నుంచి వంగి చూస్తుంటే ఆయన తన అలవాటు ప్రకారం మెల్లగా, ఒక్కో కుట్టూ చూపించడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా కండక్టరు బస్సు దగ్గర్నించి కేక వేశాడు, టైమైందని, జనం ఎక్కి కూర్చున్నారని.

"వస్తున్నానయ్యా" అన్నాడు నిదానం. "ఈ వరుస అయిపోనీ."